వంక పక్కన నీ చెప్పులు

అత్తా,

మొన్న నీ సంవత్సరీకం అయిపోయింది. నువ్వు చదవవని తెలుసు. అయినా నిన్నటి సంగతి నీకు చెప్పకుంటే నాకు నిద్ర పట్టేట్టు లేదు.

నిన్న ఆదివారం గదా, అందరం సాయంత్రం పులివెందుల కాడ నీళ్లు పారే వంక పక్కనుండే సిమెంటు బాటకు పోయినాం. పిల్లోళ్లు సైకిళ్లు తెచ్చుకున్నారు. నేను బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసి డబ్బాలో పెట్టుకున్నా, నీ అంత బాగా రాలేదులే. నువ్వు పోయినప్పటి నుంచి ఇల్లు కదలని మామ కూడా వచ్చినాడు.

బాట వేసేటప్పుడు అడ్డమొచ్చిందని నువ్వు మొక్కే గంగమ్మ రాయిని వేరే చోటికి జరిపినారు గదా. అయినా రాయి ముందుండిన చోటికొస్తే నువ్వు చెప్పులు ఇడిచేదానివి. వంతెన దాకా వాటిని మామే మోసేటోడు. "ఈడ రాయీ లేదు, గంగమ్మా లేదు, ఉత్త సిమెంటు. నీకేమన్నా పిచ్చా?" అని గొణుగుతానే మోసేటోడు. వంతెన కాడ కింద పెట్టి, "యేసుకో ఇంక" అనేటోడు.

నిన్న ఆ చోటు రాగానే ముందు నడుస్తాండే మామ నిలబడి, వెనక్కి చెయ్యి చాపినాడు. నా చెప్పులు ఆయన చేతికి ఎట్లిస్తా? ఆయన ఉత్త చేతిని చూసుకున్నాడు. తర్వాత వంగి, తన చెప్పులే ఇడిచి పట్టుకున్నాడు.

సిమెంటు ఇంకా కాలుతానే ఉంది. వంతెన దాకా ఉత్త కాళ్లతోనే నడిచినాడు. ఆడ చెప్పులు కింద పెట్టి, "యేసుకో ఇంక" అన్నాడు.

పిల్లోళ్లు సైకిళ్లు ఆపి చూస్తాండారు. కాసేపటికి మామే యేసుకున్నాడు.