అడిగితే తప్ప చెప్పను

ఆదివారం, పొద్దున్నే

తీర్మానం: వదిన అడిగితే తప్ప ఆటలో ఒక్క రూలు కూడా చెప్పను. ఒట్టు. నా డ్రైవింగ్ స్కూలు కారు మీద ఒట్టు!

నిన్న సాయంత్రం పరువంతా పోయింది. శనివారం శనివారం టైలరమ్మ కొట్టు పైగదిలో మా ఆట. బల్ల చుట్టూ కూర్చుంటాం. తలా ఒక పాత్ర. ఏం చేస్తామో నోటితో చెప్పాలి, కుదిరిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. కథ నడిపేది నేను. రాక్షసుల తరఫున మాట్లాడేదీ నేనే. అందుకే నన్ను పెత్తందారు అంటారు.

నిన్న మొదటిసారి వదిన వచ్చింది. అన్నయ్యా తనూ మా వెనక వీధిలోనే ఉంటారు. పళ్ళ డాక్టరు దగ్గర కౌంటర్‌లో తన ఉద్యోగం. పాపం, కథలో తలుపొకటి ఎదురైతే "తీస్తాను" అంది. అంతే! ముందు తాళం చూడాలన్నాను నేను. కాదు, ముందు లోపల చప్పుడు వినాలన్నారు లెక్కల మాస్టారు. పాచిక వెయ్యకుండా ఏం చూస్తారు, ఏం వింటారు అంది టైలరమ్మ. నేను బోర్డు తెచ్చి బొమ్మ గీశాను. గంటయినా ఆ తలుపు తెరుచుకోలేదు.

"ఆడపడుచు పెత్తనం అంటే వినడమే. బోర్డు మీద గీసి మరీ చేస్తారని తెలీదు," అంది వదిన. హ్యాండ్‌బ్యాగ్ తీసుకుంది. "వెళ్తాను."

వెళ్ళొస్తాను అనలేదు. వెళ్తాను!! ముగ్గురం ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నాం. ఇదివరకు వచ్చిన బ్యాంకు క్యాషియరమ్మా ఇంతే. ఆట మధ్యలో టీ తాగుతానని కిందికి దిగింది. ఇంకా తాగుతూనే ఉంది.

మాస్టారికి బదిలీ అయింది. నెలాఖరుకి వెళ్ళిపోతారు. వదిన నిలబడకపోతే మిగిలేది నేనూ టైలరమ్మా. ఇద్దరం కూర్చుంటే అది ఆట కాదు, కబుర్లు. గది మూసెయ్యడమే. వారమంతా కారు నేర్పుతూ ఇంకొకళ్ళ పక్క సీట్లో కూర్చుని బ్రేకు తొక్కేదాన్ని, నాకున్నది ఆ ఒక్క సాయంత్రమే. అది పోతే తట్టుకోలేను.

సోమవారం

వదినకి ఫోన్ చేసి బతిమాలాను. "ఇంకొక్కసారి రా వదినా. నేను నోరు విప్పితే అడుగు."

"నువ్వా? నోరు విప్పకుండానా?" నవ్వి నవ్వి దగ్గొచ్చింది మహాతల్లికి. కానీ వస్తానంది!

సాధన మొదలు. ఇవాళ కారు నేర్చుకునే ఆయన గేరు మార్చడం మర్చిపోయాడు. పెదవి కరుచుకుని కూర్చున్నాను. బండి ఆగిపోయింది. వెనక హారన్లే హారన్లు. చివరికి తనే మార్చుకున్నాడు. చూశారా! కుదురుతుంది.

బుధవారం

అద్దం ముందు "వినే మొహం" ప్రాక్టీసు. బాగా వచ్చింది. కొంచెం కడుపునొప్పి మొహంలా ఉంది, పర్లేదు.

అన్నయ్య ఫోన్. "మాట్లాడకుండా ఉండగలవటే? చిన్నప్పుడు నిద్రలో కూడా సలహాలిచ్చేదానివి."

చిట్కా దొరికింది. పళ్ళు గట్టిగా బిగపడితే మాట బయటికి రాదు!

శనివారం, ఆటకు ముందు

బోర్డు గోడవైపు తిప్పేశాను. మాస్టారికీ టైలరమ్మకీ గట్టిగా చెప్పాను, ఎవరూ ఏమీ చెప్పకూడదని. దాని మీద పది నిమిషాలు మాట్లాడాను.

టీ టైములో, మెట్ల మీద

ఒక్క రూలూ చెప్పలేదు! రెండుసార్లు దగ్గాను. దగ్గు రూలు కిందికి రాదు. ఒకసారి వేలు చూపించాను, అది ఈగని తోలడం.

"నీ నోరు మూసుకుంది గానీ కనుబొమలు మూసుకోలేదు," అంది వదిన.

ఇంకోటి. వదిన తప్పు దారిలో వెళ్ళబోతుంటే బల్ల కింద నా కాలు దానంతటదే బ్రేకు తొక్కింది. టైలరమ్మ కాలి మీద. పాపం కేక పెట్టింది. అలవాటు, ఏం చేస్తాం!

ఇల్లు చేరాక

పోయింది. అంతా పోయింది.

వంతెన మీద రాక్షసుడు అడ్డంగా నిలబడ్డాడు. మాస్టారు కత్తి దూశారు. వదిన వంతు. రాక్షసుడి వైపు తిరిగి, అంటే నా వైపు తిరిగి, "ఏమండీ, మీరొచ్చి ఎంతసేపయింది?" అంది.

రాక్షసుణ్ణి ఏమండీ అంటుందా! టైలరమ్మ కిసుక్కున నవ్వింది. నా పళ్ళ పట్టు జారిపోయింది. "వదినా, వాడు రాక్షసుడు! యుద్ధం మొదలయ్యాక పలకరింపులుండవు. ముందు వంతు, తర్వాత దూరం, తర్వాత పాచిక, ఆ తర్వాత..." బోర్డు మళ్ళీ ఇటు తిరిగింది. ఎవరు తిప్పారో తెలీదు. సుద్దముక్క నా చేతిలో ఉంది కాబట్టి నేనే అయ్యుండాలి.

"నన్ను ఆడమని పిలిచావా, పాఠం చెబుదామని పిలిచావా?" పాచిక బల్ల మీద పెట్టేసింది వదిన. ఈసారి వెళ్తాను అని కూడా అనలేదు. చెప్పులేసుకుని మెట్లు దిగిపోయింది.

ఏడుపొచ్చింది. నిజంగా వచ్చింది.

ఆదివారం

తప్పు నాది కాదు. ఆటన్నాక రూల్సుండవా? అడ్డంగా నిలబడింది రాక్షసుడు, నేనా? ఏమండీ అని ఎవరనమన్నారు?

సాయంత్రం: తప్పు నాదే. దవడ ఒకటే సలుపు. పళ్ళు బిగపట్టిన పాపం.

మంగళవారం

నోరు తెరుచుకోవట్లేదు. కాళ్ళీడ్చుకుంటూ వదిన పనిచేసే చోటికే వెళ్ళాను.

ఒక పెద్దాయన చెంప పట్టుకుని కౌంటర్ మీద పడి అరుస్తున్నాడు. "ఎక్కడండీ నొప్పి?" అంది వదిన. అని ఊరుకుంది. ఆయనే చెప్పాడు, చెప్పి చెప్పి, తనే వెళ్ళి కూర్చున్నాడు.

నా వంతు. "ఏమైంది?" అని ఊరుకుంది.

దవడ చూపించాను. "శనివారం నుంచి. మాట్లాడకూడదని... పళ్ళు బిగపట్టా వదినా."

వదిన కౌంటర్ కింద తల దాచుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది! కూర్చున్న వాళ్ళంతా లేచి చూశారు.

డాక్టరు చీటీ: వారం పాటు నోరు పెద్దగా తెరవొద్దు, ఎక్కువ మాట్లాడొద్దు. వదిన అది రెండుసార్లు చదువుకుంది. "డాక్టరు చేత రాయించుకొచ్చావే! అయితే శనివారం వస్తా. ఆ రాక్షసుడింకా వంతెన మీదే ఉన్నాడా?"

ఆటలో కాలం ఎలా నడుస్తుందో చెప్పబోయాను. దవడ కలుక్కుమంది.

"ఊ," అన్నాను.

శనివారం, ఇల్లు చేరాక

వచ్చింది!

"వదినా, ఏం చేస్తావ్?" అన్నాను. అని ఊరుకున్నాను. కాళ్ళు రెండూ కుర్చీ మీదికి మడిచేసుకున్నా, బ్రేకు అందకుండా.

"మీరొచ్చి ఎంతసేపయిందండీ?" అంది రాక్షసుడితో.

"వందేళ్ళు," అన్నాడు రాక్షసుడు, నా పళ్ళ సందుల్లోంచి.

"అయ్యో రామ! ఒక్కళ్ళూ కూర్చోమనలేదా?"

ఆ రాక్షసుణ్ణి ఎన్ని ఆటల్లో నిలబెట్టానో నాకే తెలీదు. ఎవరూ అడగలేదు. నాకూ తట్టలేదు.  

వదిన పాచిక వేసింది. రెండు! అంత తక్కువ పడితే కుదరనట్టే. మాస్టారు నోరు తెరిచారు. బల్ల కింద టైలరమ్మ ఆయన కాలి మీద బ్రేకు తొక్కింది. రాక్షసుడు మోకాళ్ళు పట్టుకుని మెల్లగా వంతెన గట్టు మీద కూర్చున్నాడు. ముగ్గురూ పక్కనుంచి దాటిపోయారు. వదిన వెనక్కి తిరిగి, "కూర్చోండి, పిలుస్తారు," అని కూడా చెప్పింది.

అప్పుడు నా వైపు తిరిగింది. "ఇంతకీ రెండు పడితే ఏమవ్వాలి?"

అడిగింది!! తనంతట తనే!!

చెప్పాను. బోర్డు తిప్పి చెప్పాను. రెండు పడితే ఏంటో, పంతొమ్మిది పడితే ఏంటో, పాచిక బల్ల కింద పడితే ఏంటో. టైలరమ్మ వెళ్ళి కొట్టు షట్టర్ దించి వచ్చింది. ఇంకా చెబుతున్నా. వదిన గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నిద్రపోతోంది.

సుద్దముక్క కింద పడితే లేచింది. హ్యాండ్‌బ్యాగ్ తీసుకుంది. మేం ముగ్గురం కదిలితే ఒట్టు. బల్ల మీది పాచిక తీసి బ్యాగులో వేసుకుంది. గుమ్మం దగ్గర ఆగింది.

"వెళ్ళొస్తా, పెత్తందారూ."

ఆదివారం, పొద్దున్నే

దవడ మళ్ళీ పట్టేసింది. కాపడం పెట్టుకుంటూ రాస్తున్నా. ప్రాణం మాత్రం హాయిగా ఉంది.

ఇప్పుడే వదిన ఫోన్. "మీ క్యాషియరమ్మ నిన్న మా దగ్గరికి పన్ను చూపించుకోవడానికి వచ్చింది. టీ తాగడం అయిపోయిందట. శనివారం తీసుకురానా?"

"తీసుకురా! ఆవిడకి ముందుగా చెప్పాల్సిందేంటంటే..."

పెట్టేసింది.

తీర్మానం, మళ్ళీ మొదటి నుంచి: ఇద్దరూ అడిగితే తప్ప చెప్పను. అడిగినా, అడిగినంతే. బోర్డు టైలరమ్మకి ఇచ్చేస్తున్నా, కొలతలు రాసుకుంటుంది.

సుద్దముక్క మాత్రం నా దగ్గరే ఉంచుకున్నా.