యు, వి, డి, వి, ఇ

మడికొండ

ప్రియమైన తమ్ముడు ఫ్రాన్సిస్‌కు,

ఫోన్లో మాట్లాడితే డాడీ వింటాడని మెయిల్ రాస్తున్నా. పక్షవాతంతో ఆయన మాట పోయిందని ఏడ్చాం. ఇప్పుడు అంతకన్నా పెద్ద భయం పట్టుకుంది. రాసింది పైకి చదివే ఆండ్రాయిడ్ యాప్‌ను విండోస్ బదులు లైనక్స్ ఉన్న లాప్‌టాప్‌లో పెట్టిచ్చి నువ్వు డోర్నకల్ డ్యూటీకి పోయావు కదా. డాడీ టైప్ చేస్తే ఒక్క తెలుగు అక్షరం రాదు. "యు, వి, డి, వి, ఇ" అంటుంది ఆ యాప్ గొంతు. తర్వాత "క్యాపిటల్ వై, స్లాష్, హెచ్, బ్రాకెట్, కె, జి". పొద్దున అదే, మాపున అదే.

"రాసేది సక్కగుంటే మతికి ఢోకా లేదమ్మా, లేకుంటే కష్టమే" అన్నాడు డాక్టర్. గురువారం దవాఖానకు రమ్మన్నాడు. ఏం చూపించాలి?

దిక్కుతోచని నీ అక్క,
హన్నా

అక్కా,

చదివా. జర ఆగు. డాడీ బతుకంతా డీటీపీ సెంటర్లో పెండ్లి కార్డులు, చర్చి పాటలు తెలుగులో కొట్టినోడు. కీబోర్డు దిక్కు చూడనే చూడడు. నేను లైనక్స్‌కు తెలుగు కీబోర్డు పెట్టా. దాని లోపల నడిచే ఆండ్రాయిడ్‌కు వేరేగా పెట్టాలి, అది మర్చిపోయా, అందుకే డాడీ తెలుగు మీటలు కొడితే ఇంగ్లీషు అక్షరాలు పడుతున్నాయేమో. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో ఫిజికల్ కీబోర్డు తెరిచి తెలుగు పెట్టు. తర్వాత డాడీ కొట్టిన మీటలే వరుసగా నువ్వు నొక్కు. అప్పటికీ అర్థం లేకుంటే... ఆ మాట నేను రాయలేను.

నీ ఫ్రాన్సిస్

తమ్ముడూ,

నువ్వు చెప్పినట్టే మార్చా. మళ్లీ "యు, వి, డి". డాడీ నా ముఖం చూసి లాప్‌టాప్ మూసేశాడు. అన్నం ముట్టలేదు. రేపే గురువారం. యేసయ్యా అనడం తప్ప నాకేం తోచడం లేదు.

హన్నా

అక్కా, ఫికర్ చేయకు. ఆండ్రాయిడ్‌ను పూర్తిగా ఆపి మళ్లీ నడిపించు. అప్పటిదాకా అది పాత కీబోర్డునే పట్టుకుని ఉంటది. నేనూ ప్రార్థన చేస్తున్నా.

ఫ్రాన్సిస్

ప్రియమైన తమ్ముడికి,

ఆపి మళ్లీ తెరిచా. యు నొక్కితే "హ" వచ్చింది. డాడీ కొట్టిన వరుసలోనే మిగతావీ నొక్కా. యాప్ గొంతు చదివింది: "హన్నా, భయపడకు."

ఇన్ని రోజులూ డాడీ చెప్పింది అదేరా! నేనేమో ఆయన్ను చూసే భయపడ్డా. కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చేశా. డాడీ లాప్‌టాప్ తన ఒళ్లోకి లాక్కుని, మీటల దిక్కు చూడకుండా టకటకా కొట్టాడు.

"నేనే భయపడ్డ బిడ్డా. నా మతి పోయిందనుకున్న."

పొద్దున దవాఖానకు పోతున్నాం. డాక్టర్‌తో డాడీయే మాట్లాడతాడట.

మీ ఇద్దరి హన్నా