గెలా వాళ్ల నాన్న వైను

7 అక్టోబర్ 2006, శనివారం

రేపటి నుంచి మా బ్యాచ్‌లో బీరు బంద్! రాసి సంతకం కూడా పెడుతున్నాను. గంగాధరరావు.

కారణం, ఐదు లీటర్ల క్యాను. ఇచ్చినవాడు గెలా, జార్జియా దేశపు ఓడలో వంటవాడు. ఆ ఓడకి బియ్యం, ఉల్లిపాయలు, కోడిగుడ్లు అందించేది మా ఆఫీసే. మన ఉల్లిపాయల్లో ఒక్కటీ కుళ్లలేదని నా మీద అభిమానం.

క్యానులో వైను. ఎర్రది కాదు, తెల్లది కాదు, నారింజ రంగు! తెల్ల ద్రాక్షని తొక్కలతో సహా పెద్ద మట్టి జాడీలో పోసి, జాడీని భూమిలో పాతి, నెలల తరబడి ఊరబెడతారట. గెలా వాళ్ల నాన్న పెట్టిన ఆఖరి జాడీ ఇది. ఆయన మొన్న చలికాలంలో పోయాడు. నీ స్నేహితులకి పొయ్యి, తాగేముందు మా నాన్నని తలుచుకుని ఒక మంచి మాట చెప్పమను, నవంబరు నెలాఖరుకి మళ్లీ వస్తాను, ఏమన్నారో చెబుదువుగాని అన్నాడు. వాడి కళ్లు చూసి మాటిచ్చేశాను.

నియమాలు: ఐసు లేదు. సోడా లేదు. కూర్చుని, మెల్లగా. తాగాల్సింది ముగ్గురు. స్టీల్ ప్లాంటులో క్రేను నడిపే మా చెల్లెలి మొగుడు గవర్రాజు బావ, పోర్టులో రిటైరైన గురునాథరావు గారు, జాలరిపేటలో పడవున్న తవిటయ్య. తలా ఒక గ్లాసు, తలా ఒక మంచి మాట. ఇదేమంత పని!

క్యానులో ఏమిటని మా ఆవిడ నాగమణి అడిగింది. మందు అంటే ఇల్లు పీకి పందిరేస్తుంది. ఓడ వాళ్ల వెనిగరు అన్నాను. నమ్మి, వంటింట్లో చింతపండు జాడీ పక్కన పెట్టింది.

8 అక్టోబర్, ఆదివారం

గాజువాకలో బావ వాళ్ల డాబా. మొదటి గ్లాసు!

నేను జాడీ కథ చెప్పేలోపే బావ ఐసు వేసేశాడు. గురునాథరావు గారు సోడా కలిపి ఉప్పు చల్లారు. తవిటయ్య గటగటా తాగేసి, మొహం వంకర తిప్పి, పచ్చి అరటికాయ నమిలినట్టుంది అన్నాడు. చిన్నప్పుడు దగ్గొస్తే వాళ్లమ్మ పట్టిన కరక్కాయ కషాయం గురునాథరావు గారికి గుర్తొచ్చిందట.

"తొక్కల్తో ఊరితే పచ్చడవుద్ది గానీ మందెలాగవుద్ది బావా?" అన్నాడు గవర్రాజు.

మంచి మాట ఒక్కటీ రాలేదు. బీర్లు తీశారు. నేను కూడా ఒకటి తాగాను, మర్యాద కోసం.

15 అక్టోబర్, ఆదివారం

ఉపాయం! పేరు చూసి భయపడుతున్నారు. ఖాళీ బీరు సీసాలో వైను పోసి, మూత బిగించి, మిగతా సీసాల మధ్య పెట్టాను. రుచి అలవాటయ్యాక నిజం చెప్పొచ్చు.

ఆ సీసా తవిటయ్యకే వెళ్లింది. ఒక గుక్క తాగి, బీరు పాడైపోయిందని లుంగీ ఎగ్గట్టి వైన్ షాపుకి పరిగెత్తాడు. (బోర్డు మీద వైన్ షాపు. లోపల వైను తప్ప అన్నీ ఉంటాయి. ఈ ఊళ్లో నాకు అడుగడుగునా ఇదే ఖర్మ.) షాపువాడు వాసన చూసి, పాపం, చెంపలేసుకుని కొత్త బీరు ఇచ్చాడట. గెలా నాన్న వైను వాడి కాలవలో కలిసిపోయింది. సిగ్గేసింది.

22 అక్టోబర్, ఆదివారం

నిన్న దీపావళి. రేపటి నుంచి కార్తీకం. నెల రోజులు ముగ్గురూ మందు ముట్టరు, నీచు ముట్టరు. ఈ సంగతి నాకు ముందే తట్టద్దూ?

ఇవాళైనా ఒక్క గ్లాసు అని బతిమాలాను. "నెల్లాళ్లకి ఆకరి రోజు బావా. ఈ రోజూ కరక్కాయే తాగమంటావేటి?" అన్నాడు గవర్రాజు. న్యాయమే అనిపించింది. నేనూ బీరే తాగాను. రెండు. (మూడు.)

5 నవంబర్, ఆదివారం

కార్తీకం. తాగడం లేదు, వాసన మాత్రమే చూస్తున్నాను. నాగమణి తులసి దగ్గర దీపం పెట్టడానికి వెళ్లినప్పుడల్లా క్యాను కదపకుండా మూత తీసి ముక్కు పెడుతున్నాను. వైను క్షేమంగా ఉందా లేదా చూసుకోవాలి కదా. రోజురోజుకీ పుల్లటి వాసన ఎక్కువవుతోంది. ఇంకా ఊరుతున్నట్టుంది, మంచిదే!

26 నవంబర్, ఆదివారం

కార్తీకం వెళ్లింది. విందు మా ఇంట్లో. తవిటయ్య వంజరం చేప తెచ్చాడు. భోజనానికి ముందు గ్లాసులు తుడిచి వరసగా పెట్టి, క్యాను ఎత్తాను. తేలిగ్గా వచ్చింది. ఖాళీ!

నాగమణిని అడిగాను. ఇంట్లో చింతపండు సరిపోలేదట. మీ వెనిగరు పోసి చేపల పులుసు పెట్టాను, పక్కింటి ఆదిలక్ష్మమ్మ గారికి కూడా అడిగినప్పుడల్లా చెంబుడు ఇచ్చాను, ఆవిడ కార్తీకమంతా పప్పుచారులో అదే పోసుకున్నారు అంది. ఈ ముక్క ఈ డైరీ దాటకూడదు.

విస్తళ్ల ముందు కూర్చున్నాం. అందరూ అన్నంలో పులుసు కలిపారు. బావ రెండోసారి వేయించుకున్నాడు, మూడోసారి గిన్నే అడిగాడు. గురునాథరావు గారు వేళ్లు నాకుతున్నారు. బీర్లు వేడెక్కిపోతున్నా ఎవరికీ పట్టలేదు.

అప్పుడు చెప్పేశాను. జాడీ, గెలా, చనిపోయిన నాన్న, నేనిచ్చిన మాట, అంతా. నాగమణి నా వైపు చూసిన చూపు గురించి రాయను.

"ఆ పెద్దాయన పేరేటి?" అన్నాడు బావ.

రెండు నెలలు ఆ క్యాను మోశాను. పేరు అడగాలని నాకు తోచలేదు. ఏడుపొచ్చింది. రేపే ఓడ వస్తోంది.

27 నవంబర్, సోమవారం

గెలాని ఇంటికే తీసుకొచ్చాను. ముగ్గురూ పనులు మానుకుని వచ్చారు. నాకొచ్చిన పోర్టు ఇంగ్లీషులో ఉన్నదున్నట్టు చెప్పాను. మీ నాన్న వైను గ్లాసులో ఎవరూ తాగలేదు, చేపల పులుసులో పడింది. గెలా నేల చూస్తూ కూర్చున్నాడు.

నాగమణి నిన్నటి పులుసు వెచ్చబెట్టి వడ్డించింది. రెండో రోజు పులుసు, ఇంకా బాగుంది. గెలా ఒక ముద్ద తిని ఆగాడు. ఇంకోటి తిన్నాడు. అడిగితే చెప్పాడు, నాన్న పేరు వానో.

బావ లేచి బీరు గ్లాసు ఎత్తాడు. గెలా కంగారుగా అతని చెయ్యి పట్టుకున్నాడు. వాళ్ల దేశంలో బీరు ఎత్తి తలుచుకునేది శత్రువులనేనట!

బావ గ్లాసు కింద పెట్టేసి కూర్చున్నాడు. పులుసు గిన్నె రెండు చేతులా ఎత్తాడు. తవిటయ్య, గురునాథరావు గారు కూడా తమ గిన్నెలు ఎత్తారు.

"వానో గారూ, యే లోకంలో ఉన్నారో గానీ, మీ సేతి పులుపు మరిసిపోం" అన్నాడు బావ.

ముగ్గురూ గిన్నెలు ఖాళీ చేశారు. ఐసు లేదు. సోడా లేదు. కూర్చుని, మెల్లగా. ఆ మాట గెలాకి తర్జుమా చేయబోయాను. అవసరం లేదని చెయ్యి ఊపాడు. ఏడుస్తూనే నవ్వుతున్నాడు.

28 నవంబర్, మంగళవారం

ఓడ వెళ్లింది. ఈ ఏడు జాడీ గెలా తమ్ముడు పెట్టాడట. వేసవిలో క్యాను తెస్తానన్నాడు. నాగమణి రెండు తెమ్మంది.

రాసి సంతకం పెడుతున్నాను. ఈసారి ముగ్గురి చేతా గ్లాసులోనే తాగిస్తాను! గంగాధరరావు.

సాయంత్రం కిరాణా కొట్టుకి వెళ్లి రెండు కిలోల చింతపండు తెచ్చాను.