సొరకాయ ముందు రుచి చూడండి

ఏమండీ,

బయాప్సీ రిపోర్టు తెచ్చుకోవడానికి బందరు వెళ్తున్నాను. స్వర్ణలత వదిన తోడు వస్తోంది. "నేను చూడలేను, నువ్వే వెళ్ళిరా" అన్నారుగా. కంగారు పడకండి, ముక్క తీసింది నా ఒంట్లోంచే.

సొరకాయని మిక్సీలో వేసేముందు చిన్న ముక్క కొరికి చూడండి. చేదుంటే కాయంతా పారేయండి, అది విషం. ఉప్పేసుకుని సర్దుకుపోవద్దు. ఇన్నేళ్ళూ నేనిచ్చిన జ్యూసులన్నీ రుచి చూడకుండానే మింగారు కాబట్టి చెప్తున్నాను. చేదు లేకపోతే అల్లం, పుదీనా వేసి తిప్పి, వడకట్టి, నిమ్మకాయ పిండుకోండి. మిక్సీ మూత చేత్తో నొక్కిపట్టండి. గోడలు మళ్ళీ నేనే తుడవాలి.

నాకు భయమూ లేదు, ఏమీ లేదు. బస్సు టైమొక్కటే గుర్తొస్తోంది.

రిపోర్టు ఏమొచ్చినా ఫోన్ చేస్తాను. అమ్మాయి చేతికివ్వకుండా మీరే ఎత్తండి.