బొట్టు పెట్టిన కవరు

అవ్వా,

నువ్వు పోయి నిన్నటికి సంవత్సరం. బ్యాంకు మీద నువ్వు వేసిన కేసు గెలిచాం.

అడగని ఏటీఎం కార్డు పంపి, ఏటేటా నీ ఖాతాలోంచి చార్జీలు కోసుకున్నారనే కదా మన గొడవ. "ఆమె అడిగే తీసుకుంది, వాడుకుంది కూడా" అని బ్యాంకు వకీలు కోర్టులో వాదించాడు. అప్పుడు నేను సంచిలోంచి ఆ కార్డు వచ్చిన నీ కవరు తీసి జడ్జి గారి ముందు పెట్టాను. అంచు కూడా చింపని కవరు. నాలుగు మూలలా పసుపు, నీ పేరు పక్కన కుంకుమ బొట్టు.

"ఇదేందమ్మా?" అన్నారాయన.

శామీర్‌పేట చెరువు దగ్గర మక్క కంకులు కాల్చి అమ్ముకునే నీకు అది వచ్చిన రోజు సంగతి చెప్పాను. తెరిచి చూద్దామని నేను మొత్తుకుంటే, "నా పేరు మీద ఒచ్చిన మొదటి పోస్టు బిడ్డా, గట్లెట్ల చింపుతరే?" అని దేవుడి పటం పక్కన పెట్టావు. ఎంత తిట్టాను నిన్ను!

జడ్జి గారు నవ్వి, అందరి ముందే కవరు తెరిపించారు. కార్డు కాగితానికి అతికించి అలాగే ఉంది.

ఇవాళ తీర్పు కాపీ పోస్టులో వచ్చింది. "అవ్వ పేరు మీదున్నది, సంతకం నువ్వు పెట్టక్కా" అన్నాడు పోస్ట్‌మ్యాన్. పెట్టాను. కవరుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, నీ ఫోటో పక్కన ఉంచాను.

తెరవలేదు. గట్లెట్ల చింపుత, అవ్వా?