ఒడ్డు మీద చెప్పాల్సిన మాట

అనసూర్యకు,

ప్రభువు కాపుదలలో ఇక్కడ నేను బాగానే ఉన్నాను. నువ్వూ, రమా, పసిబిడ్డా అట్లాగే ఉన్నారని నమ్ముతూ ఈ ఉత్తరం అల్లుడు సంపత్ చేతికిచ్చి పంపుతున్నాను. ఫోనులో నేను ఊఁ కొట్టడం తప్ప మాట్లాడనని నీకు తెలిసిందే.

ముందు నువ్వడిగినవాటికి జవాబు. గ్యాసు బండ వచ్చింది, ఖర్చు రాసి పెట్టాను. మోకాలి నొప్పి తగ్గింది. క్వార్టరు వెనక బీరతీగ బతికే ఉంది. ఆదివారం నా బాప్తిస్మానికి తెల్లచొక్కా ఉతికి పెట్టుకున్నావా అన్నావు. పెట్టుకున్నాను. కానీ ఈ ఆదివారం నువ్వు గోలేటిలో రమ ఇంటి నుంచి బయల్దేరవద్దు.

నాతోపాటు పంపు డ్యూటీ చేసే రాయమల్లు నీకు తెలుసు. గనిలో ఊట నీళ్ళకు సెలవు ఉండదు, ఆదివారమైనా ఒకరు దిగి తోడాలి. నేను చర్చికి పోయిన ఆదివారాలన్నీ అతనే దిగాడు. మొన్న వాళ్ళమ్మ పోశవ్వను మంచిర్యాల దవాఖానలో చేర్చారు. శనివారం ఆపరేషన్.

"సదన్నా, ఆదివారం నువ్వు దిగుతవా? నీ బాప్తిస్మం ఉన్నదని నాకు యాదికే ఉన్నది. కాదంటే ఇంకొకల్లను అడుగుత" అన్నాడు.

"ఎవల్ని అడుగకు. నేనే దిగుత" అన్నాను.

అతను నా చేయి పట్టుకుని, "ఇన్నొద్దులు నీ దేవునితోని పరాచికాలాడిన. మంచోడే ఉన్నడు" అన్నాడు.

ఆ మాటే నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. నీకు దాచలేను. అతను అడగగానే నాకు జాలి కలగలేదు. ఆదివారం తప్పిందని గుండె తేలికైంది. గోదావరిలో మునగడానికి నాకు భయం లేదు. దిగేముందు ఒడ్డు మీద సంఘమంతా చూస్తుండగా క్రీస్తును ఎందుకు నమ్మానో సాక్ష్యం చెప్పాలి కదా, దానికే భయం. ఇన్నిసార్లు వాయిదా వేసింది అందుకే.

క్రీస్తు మనల్ని విడిపించాడని పాస్టరుగారు చెప్పినప్పుడల్లా తల ఊపేవాణ్ణి. మనుషుల ముఖాలకు ఇంత భయపడేవాడు ఇంకా వాళ్ళకే దాసుడు కదా. బరువు తప్పించుకోవడమే స్వాతంత్ర్యం అనుకున్నాను. ప్రేమతో ఇంకొకరి బరువు ఎత్తడానికే ఆయన నా చేతులు విడిపించాడేమో. నేను ఒప్పుకున్నది చూడటానికి సేవలాగే ఉంది, లోపల మాత్రం పారిపోతున్నాను. దేవుడు రెండూ ఎరుగును. ఆయన దేన్ని అంగీకరిస్తాడో తెలియక ప్రార్థనలో కూడా నెమ్మది లేదు.

నిన్న దవాఖానకు పోయి రాయమల్లుకు ఉన్నదున్నట్టు చెప్పాను.

"నీ మీద జాలితోని ఒప్పుకోలే. నలుగురి ముంగట నోరు పెగలదు నాకు. భయపడి ఒప్పుకున్న."

అతను నన్ను ఎగాదిగా చూసి నవ్వాడు. "భయంతోని దిగితే నీళ్ళు పైకి రానంటయా ఏంది? దిగు. మా అవ్వ కాడ నేనుండాలె." మళ్ళీ అన్నాడు. "గిప్పుడు నాకు చెప్పినవ్ గద, ఆడ గూడ గదే చెప్పు. పై ఆదివారం నేను వస్త. మందిని చూడకు, నన్ను చూడు."

పాస్టరుగారు పై ఆదివారానికి ఒప్పుకున్నారు. ఈ ఆదివారం మాత్రం దాక్కునేవాడిలా కాకుండా సేవకుడిలా గనిలోకి దిగే మనసు ఇవ్వమని అడుగుతున్నాను. నువ్వూ అడుగు.

పై ఆదివారం తప్పక రా. మాట మధ్యలో ఆగిపోతానేమోనని ఇప్పటినుంచే భయంగా ఉంది. ఆగినా నువ్వు అందించవద్దు. ఎంతసేపైనా నన్నే చెప్పనివ్వు.

ఇట్లు,
రమ బాపు,
సదయ్య