కెవిన్ బూట్లు, నీ మోకాలు

సామ్యేలన్నకు, మణి వదినకు,

మీ ఎస్తేరు దూరం నుంచే చేతులెత్తి చెప్పే వందనాలు. ప్రభువు కాపుదలలో మీరంతా చల్లగా ఉన్నారని నమ్ముతున్నాను. వదిన నడుం నొప్పి ఎలా ఉంది? మీ పిల్లగాడు వినయ్ వేళకు తింటున్నాడా? తల్లాడ పెద్దమ్మకు కంటి ఆపరేషన్ అయ్యాక చూపు ఆనుతోందా? నేనిక్కడ క్షేమం. జలుబు తప్ప ఇంకే జబ్బూ లేదు, ఆ జలుబు ఈ ఇంగ్లండు దేశంలో అందరికీ ఉంది. నా గురించి బెంగ పడకండి. మళ్లీ చెబుతున్నాను, బెంగ పడకండి.

వదిన రాసిన ఉత్తరం పోయిన వారం అందింది. మెడికల్ బోర్డు వాళ్లు నీకు ఫిట్ అని రాశారని, వినయ్‌కు వస్తుందనుకున్న కొలువు పోయిందని, నువ్వు ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకున్నావని, క్వార్టర్ల లైనులో వాళ్లంతా పరామర్శకు వచ్చి పోతున్నారని రాసింది. చదివి నేను నవ్వాను అన్నా. కోప్పడకు. ముందు నవ్వాను, తర్వాత మంచం మీద కూర్చుని ఏడ్చాను. అమ్మయ్య అనుకుని ఏడ్చాను. అలా ఎందుకో ఫోనులో చెబుదామంటే నువ్వు "అవ్, మంచిగున్న" అని వదిన చేతికి ఇచ్చేస్తావు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం. చర్చి నుంచి వచ్చాక తీరిగ్గా చదువు.

నా సంగతులు ముందు చెబుతాను. ముసలివాళ్ల హోంలో నా డ్యూటీ బాగానే సాగుతోంది. వాళ్లను లేపడం, స్నానం చేయించడం, మందులివ్వడం, వాళ్లు చెప్పిన ముచ్చటే మళ్లీ చెబితే మొదటిసారి విన్నట్టు వినడం. మొదట్లో ఈ నర్సు పని కోసమా ఇంత దూరం వచ్చాను అనిపించేది. ఇప్పుడు అలవాటైంది. వాన మాత్రం అలవాటు కాలేదు. మన ఇల్లందు వాన దబదబా కొట్టి పోతుంది, మనిషికి పని చేసుకోనిస్తుంది. ఇక్కడి వాన పొద్దున మొదలై సాయంత్రం దాకా సణుగుతూనే ఉంటుంది. అత్తగారి పోరులాగా అని రాద్దామనుకున్నాను కానీ నాకింకా అత్తగారు లేరు కదా, వదినకు తెలిసి ఉంటుంది.

నేను కిరాయికి ఉండేది జీనమ్మ అని పిలుచుకునే ఇంగ్లీషు ముసలావిడ ఇంట్లో, పై గది. ఆమె ఉడికించిన ఆలుగడ్డ తప్ప ఇంకేదీ కూరగా ఒప్పుకోదు. నేను టమాటా పచ్చడి నూరిన రోజు మాత్రం కిటికీలన్నీ తెరిచి, ముక్కు చీదుకుంటూ రెండోసారి వడ్డించుకుంటుంది. ఈ ఊళ్లో కూడా ఒకప్పుడు బొగ్గు బాయిలుండేవట. ఆమె మామగారు బాయి దిగినవాడే. అన్నీ మూసేశారు. మట్టిగుట్టల మీద గడ్డి మొలిచింది, గొర్రెలు మేస్తున్నాయి. మొదటిసారి ఆ గుట్టలు చూసినప్పుడు మన ఊరికి వచ్చినట్టే అనిపించింది.

కింద గదిలో ఆమె కొడుకు కెవిన్ ఉంటాడు. భార్యతో విడిపోయి తల్లి దగ్గరికి వచ్చేశాడు. ఫుట్‌బాల్ ఆటగాడు అన్నా, అదే అతని బతుకుతెరువు. ఎక్కడ ఆడతాడో తెలుసా? నువ్వు ఆడిన చోటే, వింగులో. బంతి పట్టుకుని గీత వెంబడి ఉరికి మధ్యలో ఉన్నవాళ్లకు అందించేవాడు. నీకు షిఫ్టు దిగాక ఆట, అతనికి ఆటే షిఫ్టు, అంతే తేడా.

పదహారేళ్లకే ఒక పెద్ద జట్టు అతన్ని తీసుకుందట. మూడేళ్లు పెద్ద ఆటగాళ్ల బూట్లు కడిగాడు. ఆ పెద్ద గ్రౌండులో ఒక్కసారే, ఆట చివర పది నిమిషాలు ఆడించి, తర్వాత నువ్వు వద్దు పొమ్మన్నారు. అప్పటి నుంచి చిన్న జట్లు, చిన్న ఊళ్లు. ఒక జట్టువాళ్లకు మనిషి ఎక్కువైతే ఇంకో జట్టుకు అరువిస్తారట, మన దగ్గర దుక్కులప్పుడు ఎడ్లను ఇచ్చినట్టు. కెవిన్‌ను అలా రెండుసార్లు ఇచ్చారు. ఒక ఏడాది మాత్రం అతను అందించిన బంతితోనే చివరి ఆటలో గోల్ పడి జట్టు పై మెట్టుకు ఎక్కింది. ఆ ఫోటో జీనమ్మ పొయ్యి పైన ఉంటుంది, రోజూ తుడుస్తుంది. ఇప్పుడు ముప్పై మూడేళ్లు. కాళ్లలో జోరు తగ్గింది, అయినా బంతి ఎప్పుడు వదలాలో తెలిసింది అంటాడు. వింగులో ఆడేవాడికి జనం తిట్టే బూతులన్నీ స్పష్టంగా వినపడతాయని కూడా అన్నాడు. మన గ్రౌండులో గీత పక్కన బీడీలు కాలుస్తూ కూర్చునే పెద్దమనుషులు నిన్ను ఏమేమి అనేవాళ్లో గుర్తొచ్చి పడీ పడీ నవ్వాను. (వీళ్ల మాటలు నేను మన ఇల్లందు మాటల్లోకి దించి రాస్తున్నాను, లేకపోతే నీకు మజా రాదు.)

చలికాలం ముందు ఒక ఆటలో కెవిన్ మోకాలు మెలిపడింది. ఆపరేషన్ చేశారు. ఎండాకాలానికి ముందు జట్టు డాక్టరు పరీక్ష చేసి ఫిట్ అంటే ఇంకో ఏడాదికి సంతకం, కాదంటే ఇంటికి. చిన్నప్పటి నుంచి ఇంకో పని చేసి ఎరగడు. చలికాలమంతా మెట్లు ఎక్కి దిగుతూ, కాలికి ఇసుక మూటలు కట్టుకుని లేపుతూ గడిపాడు. అతని మూలుగులు నా గదిలోకి వినిపించేవి.

ఒక సాయంత్రం వంటింట్లోకి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. "డాక్టర్ మొఖం జూస్తే అన్‌ఫిట్ అని రాసేటట్టే ఉన్నడు" అన్నాడు.

నేను పచ్చిమిరపకాయలు కోస్తున్నాను. ఆలోచించకుండా అనేశాను. "మంచిదే గదా! మరి కొలువు ఎవరి పేరు మీద పెడతవ్?"

జీనమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. కెవిన్ నన్ను వింతగా చూశాడు. అప్పుడు గానీ నా తప్పు నాకు తెలియలేదు. మన దగ్గర అన్‌ఫిట్ అంటే పండగ కదన్నా! ఇంట్లో కోడి కోస్తారు కదా! బాయి మనిషి అన్‌ఫిట్ అయితే అతని కొలువు కొడుక్కి వస్తుందని, అందుకే అందరూ అది కోరుకుంటారని తడబడుతూ చెప్పాను. కెవిన్ కుర్చీ మీద నుంచి పడబోయేంత నవ్వాడు. ఆ ఇంట్లో అంత నవ్వు విని నెలలైంది.

"నాకు ఎనిమిదేండ్ల బిడ్డుంది. ఉరుకుట్ల నాకంటే జోరు. నా పదకొండో నంబర్ అంగీ దానికిమ్మని చెప్పాల్నా?" అన్నాడు.

నేనూ నవ్వాను. నీ గురించి కూడా చెప్పాను. మా అన్న కూడా వింగరే, బాయిలో బొగ్గు టబ్బు తగిలి మోకాలు దెబ్బతిన్నది, బోర్డు పిలుపు కోసం చూస్తున్నాడు అన్నాను. అన్‌ఫిట్ కావాలని ఇంటిల్లిపాదీ ప్రార్థన చేస్తున్నామని కూడా అన్నాను.

అతని నవ్వు ఆగింది. "మీ అన్న కాలు బాగుగావద్దని ప్రార్థన జేస్తున్నరా?"

"గట్ల గాదు. పిల్లగాని కొలువు కోసం" అన్నాను. ఆ మాట ఇంగ్లీషులో చెబుతుంటే నా చెవులకే ఏదోలా అనిపించింది. అప్పటి నుంచి నీ కోసం మోకరించినప్పుడల్లా అన్‌ఫిట్ కావాలన్న ఆ ఒక్క మాట దగ్గరికొచ్చి దాటేసేదాన్ని. వదిన అడిగితే మాత్రం చేస్తున్నానని చెప్పేదాన్ని.

ఇక పరీక్ష రోజు సంగతి విను. పొద్దున్నే కెవిన్ ఏమీ తినకుండా గబగబా బయటికి నడిచాడు. తలుపు దాటాడో లేదో, కుర్చీ మీద బూట్ల సంచి ఉండిపోవడం జీనమ్మ చూసింది. "కె..." అని కేకేయబోయింది. నేను ఒక్క అంగలో వెళ్లి ఆమె నోరు మూశాను! బాయికి పోయే మనిషిని వెనక నుంచి పిలవడమా? మన అమ్మ నాయన వెనకాల టిఫిన్ గిన్నె పట్టుకుని నోరు మెదపకుండా ఉరికేది గుర్తుందా? అదే నాలో లేచింది. నేను ఆమె నోరు వదిలేసరికి కెవిన్ కారు సందు తిరిగిపోయింది. జీనమ్మ ఒకసారి నన్ను, ఒకసారి బూట్లను చూసింది. తిట్టినా బాగుండేది. (ఈ సంగతి పాస్టరు గారికి చెప్పకు. ఇంగ్లండుకు పోయి కూడా శకునాలు చూస్తున్నది అంటాడు.)

జీనమ్మకు తుంటి నొప్పి, నడవలేదు. నేనే ఆ సంచి పట్టుకుని నర్సు బట్టల్లోనే బస్సెక్కాను. దారంతా ప్రభువా, నా మూర్ఖత్వానికి ఆ మనిషి బతుకు పోకుండా చూడు అనుకుంటూనే ఉన్నాను. గ్రౌండు గేటు దగ్గర కాపలా అతను ఎవరు నువ్వని ఆపాడు. నేను సంచి తెరిచి బూట్లు చూపించాను. వాటిని చూసి నవ్వి, తనే లోపలికి తీసుకెళ్లాడు. దేవుడి దయ, డాక్టరు అప్పటిదాకా బల్ల మీద పడుకోబెట్టి కాలు వంచి చూస్తున్నాడట. కెవిన్ వట్టి కాళ్లతో బయటికి వచ్చి, నన్ను చూసి, బూట్లు తీసుకుని, "నీ వల్ల నా గుండె ఆగిపోయేటట్టుంది" అన్నాడు. కోపమో నవ్వో తెలియలేదు.

తర్వాత ఉరికించారు. గీత వెంబడే ఉరికాడు అన్నా. పోయి, ఆ కాలి మీదే బలం వేసి చటుక్కున తిరిగాడు, మళ్లీ తిరిగాడు. తిరిగిన ప్రతిసారీ నేను కళ్లు మూసుకున్నాను. చివరికి డాక్టరు అతని భుజం తట్టి ఏదో అన్నాడు. కెవిన్ అక్కడే గడ్డిలో కూర్చుని, చొక్కా పైకి లాక్కుని మొహం కప్పుకున్నాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. అయ్యో, పోయిందనుకున్నాను. పక్కనున్న కాపలా అతను నా చెయ్యి పట్టుకుని, "ఫిట్టమ్మా, ఫిట్" అన్నాడు.

ఆ ఒక్క మాట కోసం అంత పెద్ద మగవాడు అలా ఏడ్వడం నేనెప్పుడూ చూడలేదు. మనం ఏ మాట వినకూడదని మొక్కుకుంటున్నామో అదే మాట. నాకు నువ్వే కళ్లలో మెదిలావు.

అతనికి ఇంకో ఏడాది సంతకం అయింది. పోయిన ఆదివారం వదిన ఉత్తరం నా చేతిలో చూసి, "మీ అన్న సంగతి ఏమైంది?" అని అడిగాడు. "ఫిట్" అన్నాను. మన ఇంట్లో ఆ మాటకు ఎవరూ నవ్వలేదు కదా. ఇతను తల్లిని పిలిచి, "అమ్మా, ఇద్దరు వింగర్లూ ఫిట్!" అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు. జీనమ్మ కేకు కోసింది. నీ మోకాలి పేరు మీద ఇంగ్లండులో కేకు కోశారన్నా.

ఇక వినయ్ సంగతి. నేను చెప్పానని అనకు. మొన్న వాడు నాతో ఫోనులో ఏమన్నాడో విను. "అత్తమ్మా, నాయన కాలు పోతెనే నాకు కొలువొచ్చుడు ఏంది? గా కొలువు చేస్తే రోజూ బాయి దిగేటప్పుడు నాయన కాలే యాదికొస్తది. నాకొద్దు." ఖమ్మంలో ట్రాక్టర్ షోరూం వాళ్లు ఐటీఐ చేసినవాళ్లను తీసుకుంటున్నారట, వాడు పోయి కలిసొచ్చాడు. నువ్వు బాధపడతావని నీతో చెప్పలేక తిరుగుతున్నాడు. నువ్వేమో వాడికి మొహం చూపించలేక గోడవైపు తిరిగావు. తండ్రీకొడుకులు ఇద్దరూ ఇద్దరే. లేచి వాడిని పిలిచి మాట్లాడు.

ఈ ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పు. నా మోకాలు బాగైంది, దేవునికి స్తోత్రం అని అందరి ముందూ చెప్పు. పరామర్శకు వచ్చినవాళ్లను కూడా పిలువు. వదినా, నువ్వు ఏడుపు ఆపి ఆ రోజు కోడి కూర వండు, బోర్డు అన్‌ఫిట్ రాస్తే వండుదామనుకున్న కోడే. నాకు కారం పొడి, ఎండు చింతకాయ పచ్చడి పంపండి. ఇక్కడ మా హోంలో పనిచేసే మధిర అమ్మాయి జూన్‌లో అక్కడికి వచ్చి మళ్లీ ఇక్కడికే తిరిగొస్తుంది, ఆమె చేతికివ్వండి. పాస్టరు గారికి, అయ్యగారమ్మకు, తల్లాడ పెద్దమ్మకు నా వందనాలు. మీ ప్రార్థనల్లో నన్ను మరవకండి, మీ దీవెనలే నాకు ఇక్కడి చలికి గొంగడి.

వచ్చే ఆ అమ్మాయి చేతికే కెవిన్ నీకొకటి పంపుతున్నాడు. ఆ రోజు నేను బస్సులో తీసుకెళ్లిన బూట్లే. నీ సైజు అడిగి, తన సైజే అని తెలిసి చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. కొత్త నాడాలు వేశాడు కానీ, అడుగున అంటిన మట్టి కడగనివ్వలేదు. మీ బొగ్గు మసి దాని మీద పడాలి అన్నాడు. కేకు తిన్నాక ఆ ఆదివారమే ఇస్తూ, "ఇప్పుడు కూడా ఆడుతుండా మీ అన్న?" అని అడిగాడు.

"ఆడుతుండు. ఆదివారం ఆదివారం" అన్నాను.

ఆదివారం పూట నీ చెల్లెలు అబద్ధం ఆడిందని అనిపించకు. లే అన్నా.

నీ చెల్లెలు,
ఎస్తేరు